గాలిపెట్టె పసిగట్టని పిట్ట

వన్యజీవి మండలి, మెట్ట ప్రాంతం. సంచాలకురాలి దినచర్య.
రాస్తున్నది: బోయ చౌడేశ్వరి.

ఖాళీ లెక్క: 983

పొద్దున ఏడింటికి నీటి వాటా వచ్చింది. నాలుగు సీసాలు. రెండు తాగడానికి, ఒకటి వంటకు, ఒకటి ఒంటికి. నిన్నటి దుమ్ముకు ఒంటికి ఒక సీసా ఏ మూలకూ చాలదు. మెడ మీద మట్టి అలాగే ఉంచుకుని ఆఫీసుకు వెళ్ళాను.

బల్ల మీద ఏడో బీడు ఫైలు, దానికి అంటించిన ఎర్ర చీటీ. ఇంకా పదిహేడు రోజులు. ఆ బీడులో పద్నాలుగు గాలిపెట్టెలున్నాయి. రక్షిత జంతువుల్లో ఏ ఒక్కదాని వాసనా వాటికి వరసగా వెయ్యి రోజులు తగలకపోతే, ఆ బీడు ఖాళీ అయినట్టు నేను సంతకం పెట్టాలి. మర్నాడే మేఘశాల వాళ్ళ యంత్రాలు దిగుతాయి. గడ్డి గీకేసి, నల్ల పలకలు పరిచి, గాలిని కాచి, మబ్బును దించి, నీళ్ళు పట్నాలకు పంపుతారు.

మధ్యాహ్నం ఈరన్న చిన్నాయన రేడియోలో పలికాడు. నేను ఇరవై రెండేళ్ళ పిల్లగా వాచర్ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అడుగుజాడలు చదవడం నేర్పింది ఆయనే. రిటైరై పదేళ్ళయింది. ఇప్పుడు గొర్రెలు తోలుకుని ఆ బీళ్ళ అంచునే తిరుగుతాడు. పనిలేకుండా పిలిచే మనిషి కాదు.

“పాపా, రేపు పొద్దున్నే ఏడో బీడుకాడికి రా. ఎవుర్నీ తోడు తేవాకు.”

“ఏముంది చిన్నాయనా?”

“వచ్చి నీ కండ్లతో చూడు.”

ఖాళీ లెక్క: 984

చూశాను.

ముందు మగపిట్టను చూశాను. మోకాలెత్తు గడ్డిలో, చిన్న మిట్ట మీద, గొంతు సంచి నేలకు ఆనేలా ఉబ్బించుకుని నిలబడి ఉంది. అది అరిచిన అరుపు నా చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. బట్టమేక పిట్ట. ఈ మెట్టలో పదకొండేళ్ళుగా ఎవరూ చూడని పిట్ట.

ఈరన్న నా భుజం పట్టి కిందికి వంచాడు. “అట్ల కాదు, ఇట్ల చూడు. ఆ కంపచెట్టుకు ఎడమపక్క.”

దుర్భిణిలో ముందు గడ్డే కనిపించింది. తర్వాత గడ్డికి ఒక కన్ను కనిపించింది. ఆడపిట్ట కూర్చుని ఉంది. అరగంట తర్వాత అది లేచి రెండడుగులు పక్కకు వేసినప్పుడు, వట్టి నేల మీద గుడ్డు. మట్టిరంగు, మీద మచ్చలు. ఒకే ఒకటి. అది ఏడాదికి పెట్టేది ఆ ఒక్కటే.

ఈరన్న నా మొహంలోకి చూస్తున్నాడు. నేను సంతోషపడతాననుకున్నాడు. సంతోషం ఎంతసేపు ఉందో చెప్పగలను. లేచి బట్టలు దులుపుకునేంతసేపు.

ఎందుకంటే నేను చూసింది చెల్లదు. తొమ్మిదో నిబంధన: “మనిషి చూపు, ఫోటో, అడుగుజాడ, ఈక, గుడ్డు, ఇవేవీ సాక్ష్యం కావు. గాలిపెట్టె లెక్కే లెక్క.” ఆ వాక్యం నేను రాశాను. పద్దెనిమిదేళ్ళ కిందట, చట్టం ముసాయిదా కమిటీలో అందరికంటే చిన్నదాన్నై ఉండి, బల్ల గుద్ది మరీ పెట్టించాను. అప్పటి మా పెద్ద అధికారి తొమ్మిది పిట్టలుంటే నూటనలభై అని రాసి మెడల్ వేయించుకున్నాడు. ఆయన తర్వాత వచ్చినాయన ఉన్నవాటిని లేవని రాసి భూములిచ్చేశాడు. మనిషి నోటిని ఈ లెక్కలోంచి తీసేస్తేనే జంతువులు బతుకుతాయనుకున్నాను. తీసేశాను. ఇప్పుడు నా నోరే అందులో లేదు.

ఖాళీ లెక్క: 987

మూడు రోజులు పద్నాలుగు పెట్టెల అంకెలూ చూశాను. సున్నా, సున్నా, సున్నా. మూడో నంబరు పెట్టె ఆ గూటికి నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. గాలి తిన్నగా దాని మీదికే వీస్తోంది. అయినా సున్నా.

మండలి అధ్యక్షుడు సదానందం గారిని కలిశాను. ఆయన గదిలో చల్లగాలి యంత్రం ఉంది. ఆయన మాట కూడా అలాగే చల్లగా ఉంటుంది. ఎన్నడూ గొంతు పెంచడు.

“చౌడేశ్వరి గారూ, మీరు చూశారంటే నేను నమ్మకుండా ఉంటానా? కానీ నా నమ్మకంతో చట్టానికేం పని? అది మీరు నేర్పిన పాఠమే కదా.”

“పెట్టెలు పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేయించండి.”

“ఆఖరి తొంభై రోజుల్లో మండలివాళ్ళెవరూ పెట్టె ముట్టుకోకూడదు. అదీ మీరు రాసిందే.” నవ్వాడు. “అరవై వేల మందికి నీళ్ళండీ. పిట్ట కోసం ఆపుతున్నామని, బిందెలతో వరసల్లో నిలబడే ఆడవాళ్ళ ముందుకెళ్ళి చెప్పగలరా?”

“చెప్పక్కర్లేదు. ఆరు మైళ్ళ దూరంలో తవ్వి వదిలేసిన నాపరాయి గనులున్నాయి. మేఘశాల అక్కడ కట్టమని మూడుసార్లు రాశాను. మూడు కాగితాలూ మీ బీరువాలోనే ఉన్నాయి.”

“అక్కడ గుంతలు పూడ్చాలి, నేల చదును చెయ్యాలి. ఇక్కడ అంతా సిద్ధంగా ఉంది.”

సిద్ధంగా ఉందట! కొన్ని వేల ఏళ్ళు గడ్డి తనంతట తాను పెరిగి, నేలను పట్టుకుని, నక్కకూ తోడేలుకూ పిట్టకూ ఇల్లై నిలబడితే, ఈయన కంటికి అది తనకోసం చదును చేసి పెట్టిన స్థలం. కాగితాల్లో దాన్ని బంజరు అంటారు. ఎవరు పెట్టిన పేరో కానీ, ఆ పేరు పెట్టినవాణ్ణి ఒక్క ఉదయం ఆ మిట్ట పక్కన కూర్చోబెట్టాలనిపించింది.



ఖాళీ లెక్క: 989

గూటికి దూరంగా, బీడు అంచున, ఈరన్న గొర్రెల మధ్యనే కూర్చుని మూడో పెట్టె కేసి దుర్భిణి పెట్టాను. మూడు నిలువుల స్తంభం, పైన పాలపెట్టె అంత పెట్టె. నాకు తేడా ఏమీ తెలియలేదు.

“పాపా, దాని నోటికాడ చూడు. ఎండకు మెరుస్తాండాది.”

“ఏది?”

“ముసుగు. మూతికి ముసుగేసినారు దానికి. వాసనెట్ల పడతాది?”

పెట్టె మూతికి బిగించే జల్లెడలు గోదాము నుంచి వచ్చేటప్పుడు వాటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. బిగించే ముందు పొర లాగి పారెయ్యాలి. లాగలేదు. పద్నాలుగు పెట్టెలూ తిరిగి చూశాం. పద్నాలుగింటికీ పొర ఉంది.

ఒకదానికి మరిచిపోయారంటే నమ్ముతాను. పద్నాలుగింటికి మరిచిపోయారంటే నన్ను గాడిదనుకుంటున్నారన్నమాట.

ఖాళీ లెక్క: 991

నస్రీన్ మా అంకెల గదిలో పనిచేస్తుంది. ఆమెకు విషయం చెప్పి, పెట్టెను ముట్టుకోకుండా రుజువు ఏమైనా దొరుకుతుందా అని అడిగాను. ఒక పూటలో తేల్చింది.

“మేడమ్, పెట్టె లోపలి తేమ కూడా నమోదవుతుంది. ఎవరూ చూడరంతే. ఇదిగో, ఏడో బీడు.” తెర మీద గీత. గీసినట్టు తిన్నగా. “తొమ్మిది వందల తొంభై ఒక్క రోజులు ఒకటే తేమ. పోయిన ఏడు వాన పడ్డ రెండు రోజులు కూడా ఇదే. ఆ పెట్టెలు మొదటి రోజు నుంచీ ఊపిరి తీసుకోవట్లేదు.”

ఆ గీతను కాగితం మీద ముద్రించుకుని సదానందం గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆయన ఆశ్చర్యపోలేదన్న సంగతి నాకు అర్థమయ్యేలోపే ఆయన అడిగాడు.

“పొర తీసి బిగించాలని నిబంధనల్లో ఎక్కడుంది?”

“ఏమిటి?”

“వెతికించాను. ‘జల్లెడ బిగించవలెను’ అని ఉంది. పొర ఊసే లేదు. మీ ముసాయిదాలో లేనిదాన్ని నేను తప్పని ఎలా అంటాను?”

వెతికించాడు. అంటే తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

“అప్పీలు చేసుకోండి,” అన్నాడు. “నలభై అయిదు రోజుల్లో విచారిస్తారు. ఈలోగా లెక్క మాత్రం ఆగదు.”

నేను ఆయన్ని ఒక మాట అన్నాను. అది దినచర్యలో రాసే మాట కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారిని అలా అనడం అదే మొదటిసారి. ఆయన లేచి తలుపు తీసి పట్టుకున్నాడు, చాలా మర్యాదగా.

ఖాళీ లెక్క: 996

సర్వే బండ్లు నాలుగు రోజులు ముందే దిగాయి. గుర్తు జెండాలు పాతుకుంటామని అనుమతి తెచ్చుకున్నారు. అనుమతి మీద అధ్యక్షుడి సంతకం. నాకు కబురు కూడా లేదు.

నేను వెళ్ళేసరికి పదిన్నర. గూడు చుట్టూ బండ్ల చక్రాల జాడలు. గుడ్డును ఎవరూ తొక్కలేదు, ఆ మాట నిజం. ఎవరూ దాన్ని చూడనైనా లేదు. పొద్దున ఆరింటి నుంచి బండ్లు అటూ ఇటూ తిరుగుతుంటే ఆడపిట్ట లేచి వెళ్ళిపోయింది. నాలుగున్నర గంటలు గుడ్డు ఎండలో ఉంది. ఈ నేల మీద మే నెల ఎండ. నేను గుడ్డు పక్కన అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాను.

సర్వే ఆఫీసరు కుర్రవాడు కాదు, నా వయసువాడే. “మేడమ్, ఇక్కడ ఏమీ లేదని కాగితంలో ఉంది,” అన్నాడు. మనిషి అబద్ధం చెప్పడం లేదు. ఆ కాగితంలో అలాగే ఉంది.

బండ్లు మధ్యాహ్నం వెళ్ళాయి. ఆడపిట్ట నాలుగింటికి తిరిగొచ్చింది. గుడ్డు మీద కూర్చుంది. లేచింది. ముక్కుతో కొంచెం జరిపింది. మళ్ళీ కూర్చుంది.

“లోపల అయిపోయింటాది పాపా,” అన్నాడు ఈరన్న. “ఇంగో వారం అట్లే కూచుంటాది అది. దానికి తెలీదు కదా.”

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

ఖాళీ లెక్క: 997

నేను రాసిన చట్టాన్ని పొద్దున్నుంచి అక్షరం అక్షరం చదివాను. నలభై రెండు నిబంధనలు. పిట్టను కాపాడటానికి దారులన్నీ నేనే మూసేశాను. ఒక్కటి మాత్రం మిగిలింది.

ఇరవై ఆరో నిబంధన. “గాలిపెట్టెను మనిషి పగలగొట్టినట్టు తేలితే ఆ బీడు ఖాళీ లెక్క మొత్తం రద్దై సున్నా నుంచి మొదలగును. పెట్టెలన్నీ న్యాయస్థానం ఎదుట విప్పి, కొత్తవి బిగించవలెను. పగలగొట్టినవారికి ఉద్యోగం పోవును, నాలుగేళ్ళ జైలు.” భూమి కావలసినవాళ్ళు పెట్టెల జోలికి పోకుండా రాశాను. పగిలితే వాళ్ళకే నష్టం కదా. గాలికి విరిగినా, ఎవరు చేశారో తేలకపోయినా లెక్క ఆగదు. పేరు తేలాలి. పిట్ట కోసం తన పేరు చెప్పి జైలుకు పోయే మనిషి ఉంటారని అప్పట్లో నాకు తట్టలేదు.

ఈరన్నకు చెప్పాను.

“నేను పగలగొడతా,” అన్నాడు వెంటనే. “నాకేముంది? డెబ్బై నాలుగేండ్లు. గొర్రెలు నా కోడలు చూసుకుంటాది.”

“నువ్వు చేస్తే ముసలాయన మతిలేని పని అంటారు. బెదిరించి మాట మార్పిస్తారు. సంచాలకురాలు చేస్తే మతిలేదని అనడానికి కూడా వాళ్ళు కాగితం రాయాలి.”

“నాలుగేండ్లు పాపా.”

“నాకు లెక్క తెలుసు చిన్నాయనా.”

ఖాళీ లెక్క: 998

పదింటికి సర్వే బండ్లు మళ్ళీ వచ్చాయి. వచ్చేదాకా ఆగాను. సాక్షులు కావాలి.

మూడో పెట్టె స్తంభానికి నిచ్చెన వేశాను. యాభై మూడేళ్ళ మోకాళ్ళు. ఒకప్పుడు ఇలాంటివి పూటకు పది ఎక్కేదాన్ని. పైకి వెళ్ళాక పెట్టె మూతి దగ్గర ఆ పొర కనిపించింది, ఒక్క చిరుగు కూడా పడకుండా. మెట్టంతా దుమ్ము తాగుతుంటే దాని వెనకున్న జల్లెడ కొత్తదానిలా తెల్లగా ఉంది.

కింద ఆఫీసరు అరిచాడు. “మేడమ్, దిగండి! మీరేం చేస్తున్నారో తెలుసా?”

“కెమెరా పెట్టారా?”

“పెట్టాం, దిగండి ముందు!”

“నా పేరు బోయ చౌడేశ్వరి. మెట్ట ప్రాంత వన్యజీవి సంచాలకురాలిని. ఈ పెట్టెను తెలిసి, కావాలని, నా చేత్తో పగలగొడుతున్నాను.”

సుత్తితో పక్క రేకు మీద కొట్టాను. జల్లెడకూ పొరకూ దెబ్బ తగలకుండా కొట్టాను, అవి సాక్ష్యం కాబట్టి. మొదటి దెబ్బకు సొట్ట పడింది. రెండో దెబ్బకు మూత ఊడింది. అక్కడితో చాలు. చట్టానికి అంతే చాలు. కానీ నేను ఆగలేదు. జల్లెడా పొరా ఉన్న ఆ మూతి తప్ప ఇంకేమీ మిగలనంతవరకూ కొట్టాను. ఎన్ని దెబ్బలో నాకు గుర్తు లేదు. ఇరవై ఏడని ఆఫీసరు వాంగ్మూలంలో చెప్పాడు.

కింద గొర్రెలు బెదిరి పరుగెత్తాయి. ఈరన్న వాటిని మళ్ళించడానికి పోలేదు. నిచ్చెన పట్టుకునే నిలబడ్డాడు.

కొత్త లెక్క: 2

పెట్టె పగలగొట్టి రెండు రోజులైంది, ఇది పోలీసు ఠాణాలో రాస్తున్నాను. ఉద్యోగం తీసేసిన ఉత్తర్వు వచ్చేదాకా దినచర్య రాయడం నా బాధ్యతేనట. చట్టం అంత పద్ధతిగా ఉంది మరి.

న్యాయస్థానం మనుషులు పద్నాలుగు పెట్టెలూ విప్పారు. పద్నాలుగు పొరలు సంచిలో వేసి ముద్ర వేశారు. కొత్త జల్లెడలు పొర తీసి బిగించారు. మూడు గంటల్లో మొదటి అంకె పడిందని నస్రీన్ వచ్చి చెప్పింది.

“బట్టమేక పిట్ట, మేడమ్. రెండు కాదు. నాలుగు వేర్వేరు పిట్టల జాడ. తోడేలు కూడా ఉంది. మూడు నక్కలు.”

ఠాణా బెంచీ మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాను. ఏడో బీడు ఇక మేఘశాలకు విడుదల కాదు. గెలిచాను.

నస్రీన్ వెళ్ళలేదు. నిలబడే ఉంది.

“ఇంకొకటి ఉంది మేడమ్. తేమ గీత మిగతా బీళ్ళకూ చూశాను. ఇంతకుముందు విడుదల చేసినవాటికి.”

“ఎన్నింటికి?”

“ముప్పై ఏడు బీళ్ళలో ముప్పై ఒకటి. గీత తిన్నగా ఉంది.”

ఆ ముప్పై ఒక్క సంతకాలూ నావి. ప్రతిదీ పొద్దున తొమ్మిదింటికి పెట్టాను, ఆ రోజు చేయాల్సిన పనుల్లో మొదటిదిగా. ఒక్కసారి కూడా తేమ గీత చూడలేదు.

కొత్త లెక్క: 9

సదానందం గారు వకీలును తీసుకుని వచ్చారు. పని ఒత్తిడిలో మనసు అదుపు తప్పిందని రాసిస్తే శిక్ష ఉండదట. గౌరవంగా విరమణ. బదులుగా ముప్పై ఒక్క బీళ్ళ సంగతి నేను ఎత్తకూడదు.

“మీ సంతకాలే కదండీ అవి. బయటికొస్తే మీకే ఇబ్బంది,” అన్నాడు, అదే చల్లటి గొంతుతో.

“ఇబ్బంది పడాల్సినదాన్నే. మీరు కూడా నా పక్కన నిలబడి పడాలి.”

ఆయన మొహంలో నేను మొదటిసారి ఏదో కదలడం చూశాను. అది పశ్చాత్తాపం అయితే బాగుండేది. చిరాకు.

మధ్యాహ్నం విచారణలో నేరం ఒప్పుకున్నాను. జాబితా న్యాయమూర్తి ముందు పెట్టాను. “మీ మీద ఉన్నది ఒక్క పెట్టె కేసేనమ్మా,” అందావిడ. ముప్పై ఒక్క బీళ్ళ కేసు కూడా నా మీదే పెట్టమని, నాతోపాటు పొర తియ్యనివాళ్ళ మీదా, తియ్యవద్దన్నవాళ్ళ మీదా పెట్టమని అడిగాను. చాలా గట్టిగా అడిగాను. గొంతు తగ్గించమని రెండుసార్లు హెచ్చరించారు.

జైలు, అరవై ఆరో రోజు

ఇక ఇది ఎవరూ అడగని దినచర్య.

నాలుగేళ్ళు పడ్డాయి. మేఘశాల నాపరాయి గనుల్లో కడుతున్నారు, నీళ్ళు ఒక ఏడాది ఆలస్యంగా వస్తాయి. సదానందం గారు సెలవులో ఉన్నారు. ముప్పై ఒక్క బీళ్ళలో అయిదింటి మీదే విచారణ వేశారు. మిగతావాటి మీద నల్ల పలకలు పరిచేశారు కాబట్టి విచారించడానికి ఏమీ లేదట.

ఈ రోజు ఈరన్న ములాఖాత్‌కు వచ్చాడు. ఆడపిట్ట ఏడో బీడులోనే ఉందని చెప్పాడు. ఇంకో గుడ్డు పెట్టలేదు. వచ్చే ఏడు చూడాలి.

నేను కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. విడుదలైన ప్రతి బీడులో ఏమేమి ఉండేవో ఆయనను అడిగి రాసుకుంటున్నాను. “ఇరవై రెండో బీడు చెప్పు చిన్నాయనా.”



“తోడేలు. కంప కింద బొరియలో మూడు కూనలు. కండ్లు కూడా తెరసలేదు.”

“ఎప్పుడు చూశావు?”

“నువ్వు సంతకం పెట్టే ముందుదినం.”

పెన్సిల్ ఆగిపోయింది. “నాకెందుకు చెప్పలేదు?”

“వచ్చినా పాపా. నీ ఆఫీసు ముందర పొద్దున్నుంచి సాయంత్రందాకా కూచున్న్యా. లోపలికి రానీలేదు. మనిషి చూసింది చెల్లదని కాయితం చూపిచ్చినారు.” ఆయన తల దించుకున్నాడు. తప్పు తనదైనట్టు. “దాని కింద నీ పేరుండె. ఇంగ నేనేం మాట్లాడతా?”

ఆరేళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని, నేను పిలిచినప్పుడల్లా వచ్చాడు. నిచ్చెన పట్టుకున్నాడు.

“చెప్పు,” అన్నాను. “ఆ రోజు చెప్పాలనుకున్నదంతా ఇప్పుడు చెప్పు.”

ఆయన చెప్పసాగాడు. బొరియ నోరు ఏ దిక్కుకు ఉండేదో, తల్లి ఏ దారిన వచ్చేదో, కూనల్లో ఒకదానికి చెవి మడతపడి ఉండేదని. నేను రాస్తూనే ఉన్నాను. టైము అయిపోయిందని వార్డరు ఒకసారి చెప్పింది. రెండోసారీ చెప్పింది. మూడోసారి ఈరన్న భుజం మీద చెయ్యి వేసి లేపబోయింది.

“ఆయన్ని మాట్లాడనీ!” అని అరిచాను. నా అరుపుకు ములాఖాత్ గది మొత్తం ఇటు తిరిగింది. వార్డరు చెయ్యి తీసేసింది.

ఈరన్న నా వైపు చూశాడు. గొంతు సవరించుకుని, ఇరవై మూడో బీడు చెప్పడం మొదలుపెట్టాడు.